లీటా ఊదని విజిల్

డ్రై ఫోర్క్ ఊళ్ళో లీటా గ్రిమ్స్‌బీ లేకుండా జూలై నాలుగు పండక్కి జరిగే రోడియో, అదే పొగరు గుర్రాల స్వారీ పోటీ, ఎవరూ ఎరగరు. మైదానం పక్కన చెక్క మంచె మీద ఆవిడ కుర్చీ, మెళ్ళో స్టాప్‌వాచ్, పళ్ళ మధ్య విజిల్. పొగరు గుర్రం గేటు దాటగానే మీట నొక్కాలి, ఎనిమిది సెకన్లు కాగానే విజిల్ ఊదాలి. ఇంతేనా పని అంటే ఇంతే. కానీ ఆ విజిల్ పడేదాకా రౌతు పట్టు వదలకూడదు, వదిలితే మార్కులుండవు. అతన్ని అందుకుని కిందికి దించడానికి గుర్రాల మీద కాచుకునే ఇద్దరూ అప్పటిదాకా దగ్గరికి రారు.

మిగతా ఏడాదంతా ఆవిడ స్కూలు బస్సు నడుపుతుంది. మంచు మోకాలెత్తు పడ్డా బస్సు ఆలస్యం కాదు. తల్లి పోయేనాటికి తమ్ముడు రాయిస్ అన్నం కూడా సొంతంగా తినలేని పసివాడు. కుదిరిన పెళ్ళి కాదనుకుని వాణ్ణి పెంచింది. మొట్టమొదట గొర్రె మీద కూచోబెట్టి, ఉన్ని గట్టిగా పట్టుకోరా అని చెప్పిందీ ఆవిడే. ఆ గొర్రె నుంచి వాడు గుర్రాలకెక్కాడు, ముప్ఫై దాటినా దిగలేదు. ఈమధ్య మోకాలు అరిగిపోయింది. ఈ పండగే ఆఖరని వాడే చెప్పేశాడు. ఊరూరా ఏవో గెలిచాడు గానీ గెలిచినవాడికిచ్చే సొంతూరి బెల్టు బిళ్ళ మాత్రం ఇంతవరకూ వాడి నడుముకి రాలేదు.

అసలు తంటా నిరుడు మొదలైంది. వాడు ఆ ఊరి హాడ్లీ బాయ్స్ అనే ఆయన కొడుకుని వెంట్రుకవాసిలో దాటి రెండో స్థానంలో నిలిచాడు. మర్నాడు కాఫీ కొట్లో హాడ్లీ నలుగురి ముందూ అన్నాడు: "అక్క నోట్లో విజిలుంటే ఎనిమిది సెకన్లు ఆరుకే అయిపోతాయిరా." అందరూ నవ్వారు. లీటా కూడా నవ్వింది. ఇంటికెళ్ళాక ఆ మాటే తిప్పితిప్పి తలుచుకుంది. ఆవిడ ఏనాడూ రెప్పపాటు ముందు ఊదలేదు. అయినా గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం మనిషి. ఏడాది పొడుగునా తడుముకుంటూనే ఉంది.

ఈసారి శనివారం మంచె ఎక్కేసరికి పక్క కుర్చీలో కొత్త మనిషి కూచునుంది. లెక్క సరిచూడ్డానికి రెండో వాచీ పట్టుకునే ముసలాయన తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు. ఆయన బదులు పక్క ఊరి వెర్లీన్ వచ్చింది.

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది లీటా.

"కమిటీ వాళ్ళే. ఏం?"

"ఊరికే అడిగాలే."

ఊరికేం కాదు. నా మీద కాపలా పెట్టారన్నమాట, అనుకుంది. ఆ పూటంతా ఒక కన్ను మైదానం మీద, ఒక కన్ను వెర్లీన్ వాచీ మీద.

ఆదివారం పొద్దున ఫైర్ స్టేషన్ ముందు డేరాలో పాన్‌కేకులు. లీటా పళ్ళెం పట్టుకుని రాగానే పాకం డబ్బా దగ్గర ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి.

"నన్ను చూసి నోళ్ళు పడిపోయాయేం?"

"నీ జుట్టు గురించే తల్లీ," అంది పోస్టాఫీసు డోరిస్. "ఆ రంగు నువ్వే వేసుకున్నావా, బస్సుకి వెయ్యగా మిగిలిందా?"

అందరూ పకపకా నవ్వారు. లీటా నమ్మలేదు. జుట్టు గురించైతే ముందే అడిగేవారు కదా అనుకుంది. ఈలోపు హాడ్లీ కాఫీ గ్లాసుతో వచ్చాడు.

"తీసుకో అమ్మా లీటా. మార్కుల్లో మీవాడు పైన ఉన్నాడు, మావాడు వాడి వెనకే ఉన్నాడు. రేపు మంచి ముచ్చటే."

నిరుడు నోటికొచ్చింది కూసి ఇప్పుడు కాఫీ పోస్తున్నాడు, ఏమిటో ఈయన ఎత్తు! డేరా వెనక్కెళ్ళి గ్లాసు గడ్డిలో ఒంపేసింది. పాపం మంచి కాఫీ.

ఇంకొకరైతే తమ్ముడి ఒక్క స్వారీకి విజిల్ వెర్లీన్ చేతిలో పెట్టి గట్టున కూచునేవారు. ఎంత సుఖం! లీటాకీ తట్టింది ఆ మాట. తప్పుకుంటే తప్పు ఒప్పుకున్నట్టే కదా అని మానేసింది. మంకుపట్టు వాళ్ళింట్లో అందరిదీ.

సోమవారం మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. హాడ్లీ కొడుకు స్వారీ బాగానే చేశాడు. ఆఖర్న రాయిస్ ఎర్ర గుర్రం మీద కూచుని టోపీ దిగలాక్కుని తలూపాడు. గేటు తెరుచుకుంది. లీటా మీట నొక్కింది.

అంత స్వారీ వాడు జన్మలో చెయ్యలేదు. గుర్రం నడుం విరుచుకుని లేస్తోంటే వాడు దాంతోపాటు లేస్తున్నాడు, దాంతోపాటు దిగుతున్నాడు. ముల్లు ఎనిమిది మీదికొచ్చింది. ఊపిరి బుగ్గల్లో నిండుగా ఉంది. సరిగ్గా అప్పుడే కంచె దగ్గర నిలబడ్డ హాడ్లీ కళ్ళెత్తి మంచె వైపు చూసినట్టనిపించింది. ఇంకొక్క రవ్వ ఆగుదాం, ఎవడూ నోరెత్తకుండా, అనుకుంది. ఆగింది.

ఆ రవ్వలోనే గుర్రం ఒక్కసారిగా పక్కకి తిరిగింది. రాయిస్ కంచె మీదికి విసురుగా వెళ్ళి పడ్డాడు. భుజం ఎముక విరిగిన చప్పుడు మంచె దాకా వినిపించింది. విజిల్ ఆ తరవాత మోగింది.

జనం ఉసూరుమన్నారు. మార్కులు లేవని మైకులో చెప్పారు. కంచె దగ్గర్నించి హాడ్లీ టోపీ ఊపుతూ జడ్జీ మీదికి పోయాడు.

"వాడు పూర్తి చేశాడయ్యా. నా కొడుకు ఓడిపోతే పోనీ, ఆ స్వారీ ఎనిమిదికి పైనే."

జడ్జీ మంచె కిందికొచ్చి తలెత్తాడు. వెర్లీన్ నెమ్మదిగా అంది: "వాడు పడగానే నాది ఆపాను. తొమ్మిది దాటింది. నీదెంత, లీటా?"

వాచీ ఆగిపోయిందని చెప్పొచ్చు. చెమటకి వేలు జారిందని చెప్పొచ్చు. చెప్పినా నమ్ముతారు. ఇన్నేళ్ళలో ఆవిడ మాట ఎవరూ కాదన్నది లేదు. ఆ సంగతి అప్పుడు, ఆ మంచె మీద తెలిసొచ్చింది.

"నాదీ అంతే. కావాలనే ఆగాను," అని మెళ్ళోంచి వాచీ తీసి జడ్జీ చేతికిచ్చింది.

ఆవిడ మైదానం దాటేలోపు మైకులో మార్కులు చదివారు. బిళ్ళ రాయిస్‌దే. జనం కేకలకి గుర్రాలు బెదిరాయి. అంబులెన్సులో వాడు చెయ్యి కట్టించుకుని, మొహం సున్నంలా పాలిపోయి, నవ్వుతున్నాడు.

"చూశావా అక్కా. చెయ్యి జారిపోతున్నా విజిల్ పడలేదు కదా అని పట్టు వదల్లేదు. వీళ్ళేమో ఎప్పుడో అయిపోయిందంటున్నారు. ఏమైంది?"

"నేను ఊదలేదురా. ఎనిమిదైంది, చూశాను. అయినా ఊదలేదు."

వాడి నవ్వు పోయింది.

"ఎందుకు?"

"నీకోసం ముందే ఊదానంటారని."

"ఎవరంటారు?"

లీటా వెనక్కి తిరిగి చూసింది. హాడ్లీ అప్పుడే వాడి టోపీ దుమ్ము దులిపి తెచ్చి తలుపు దగ్గర పెడుతున్నాడు. వెనకాల డోరిస్ ముక్కు చీదుకుంటోంది. వెర్లీన్ మంచినీళ్ళ సీసాతో నిలబడింది.

"చెప్పక్కా, ఎవరు?"

వాడి మంచి చెయ్యి పట్టుకుని ఎంత ఆలోచించినా ఆవిడకి చెప్పడానికి ఒక్క పేరు దొరకలేదు.