పాపకి మేత లెక్క కట్టిన అంకమ్మరావు

కృత్తివెన్ను చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద అంకమ్మరావుని అందరూ డాక్టరు గారనే పిలిచేవారు. అతను చదివింది బందరులో డిగ్రీ. అదీ ఆఖరి ఏడాది పరీక్షల దగ్గర ఆగిపోయింది. చేసేది ఒక మేత కంపెనీలో టెక్నీషియన్ ఉద్యోగం. కానీ గట్టు మీద బండి ఆపి, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, రొయ్యని అరచేతిలో పెట్టుకుని ఎండకి అటూ ఇటూ తిప్పాడంటే చాలు, చెరువు రైతులు ఊపిరి బిగబట్టి నిలబడేవారు.

"మేత సరిగ్గా తీసుకోవట్లేదండీ" అనేవాడు చివరికి.

ఆ సంగతి చెప్పడానికే రైతు అతనికి ఫోన్ చేసేవాడు. అయినా అదే మాట అతని నోట్లోంచి వచ్చేసరికి ఏదో కొత్త విషయం తెలిసినట్టుండేది. తెలియదు అన్న మాట మాత్రం అతని దగ్గర ఎవరూ విని ఎరగరు. తెలియనిది ఎదురైతే "దాని మీద స్టడీ చేస్తున్నానండీ" అనేవాడు.

పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఉయ్యూరులో ఒక ఆసుపత్రికీ గుడివాడలో ఇంకో ఆసుపత్రికీ తిరగ్గా తిరగ్గా, అతనికీ రాజకుమారికీ ఆడపిల్ల పుట్టింది. జోషిత అని పేరు పెట్టారు. పిల్ల తుమ్మితే అంకమ్మరావు లేచి కూర్చునేవాడు. తుమ్మకపోయినా లేచి కూర్చుని, ఎందుకు తుమ్మలేదో ఫోన్‌లో చూసేవాడు.

పిల్లకి ఆరు నెలలు నిండాక బందరులో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ పాపని చూసి బాగుందంది.

"తల్లిపాలు ఆపకుండా తిండి మొదలుపెట్టండి. ఇంట్లో మీరు తినేదే మెత్తగా మెదిపి, చిక్కగా ఉండేలా పెట్టండి. ఉప్పూ పంచదారా ఇప్పుడొద్దు."

అంకమ్మరావు ఇంకా ఏదో చెబుతుందని ఎదురుచూశాడు. ఆవిడ తర్వాతి పేషెంటుని పిలిచింది. అతనికి చెప్పలేనంత నిరాశ కలిగింది. రొయ్యపిల్లల మేత బస్తా మీద కూడా మాంసకృత్తులు ఎంత శాతమో రాసి ఉంటుందే. ఇంత చదివిన మనిషి, మీరు తినేదే పెట్టండి అని పంపేయడమేమిటి?

"దీని మీద మనమే స్టడీ చెయ్యాలి" అన్నాడు దారిలో.

రాజకుమారికి మొగుడంటే భయం లేదు గానీ, అతని స్టడీలంటే భయం.

వారం తిరిగేసరికి ఇంట్లో మొలకెత్తిన గింజలు చాపల నిండా ఆరాయి. రాగులు, పెసలు, గోధుమలు, ఇంకా ఫోన్‌లో ఎవరు ఏది మంచిదంటే అది. వాటిని మర పట్టించి, జల్లించి, నీళ్ళలో కాచి, పలచటి గుడ్డలో వడకట్టి జావ తయారుచేశాడు. గ్లాసు వంచితే నీళ్ళలాగే జారిపోయే జావ. పిల్ల పొట్టలో బరువు పడకూడదన్నది అతని సిద్ధాంతం. నూనె, నెయ్యి నిషేధం. చేపా గుడ్డూ ఏడాది దాటేవరకు కుదరదన్నాడు. పాలు తాగి కడుపు నింపుకుంటే జావ తాగదని, పాలు కూడా బాగా తగ్గించమన్నాడు.

అత్తగారు సుబ్బాయమ్మ మనవరాలి కోసం వచ్చి ఉంటోంది. చేపల బజారులో గొంతు పెంచి బతికిన మనిషి.

"ఇదేం జావ అల్లుడూ? గంజి నయం! కాస్త అన్నం మెదిపి నెయ్యేసి పెట్టరాదూ?"

"అత్తయ్యా, సైన్సు జరుగుతున్నప్పుడు మధ్యలో రావద్దు."

సుబ్బాయమ్మ మధ్యలో రాలేదు. అల్లుడు చెరువుల మీదకి వెళ్ళాక టీలో బిస్కెట్ ముంచి పిల్ల నోట్లో పెట్టేది. అదీ ఆవిడ వైద్యం.

అసలు ప్రమాదం జావతో ఆగలేదు. రొయ్యల కల్చర్‌లో, అంటే పెంపకంలో, చెరువులో మేత చల్లాక, వల కట్టిన ట్రేలో కొంచెం వేసి నీళ్ళలోకి దించుతారు. కాసేపాగి పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందంటే రొయ్యకి అక్కర్లేదని అర్థం. తర్వాతి పూట మేత తగ్గిస్తారు, లేకపోతే నీరు పాడైపోతుంది. అంకమ్మరావు ఉద్యోగమంతా ఈ ట్రే మీదే నడిచింది. ఇంట్లో కూడా అదే పెట్టాడు. పిల్ల జావ తాగాక గిన్నె వంచి చూసేవాడు. కొత్త రుచి కదా, పిల్ల సగం ఉమ్మి, మొహం తిప్పేసేది. గిన్నెలో మిగిలేది. మర్నాడు తగ్గించేవాడు. తగ్గించినా మిగిలేది. మళ్ళీ తగ్గించేవాడు.

"చూశావా, ఎంత కావాలో పిల్లే చెబుతోంది" అని మురిసిపోయాడు.

ఆ మురిపెం ఇంట్లో పట్టలేదు. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి, చెరువు రైతుల భార్యల్ని, కోడళ్ళని చేర్చాడు. పొద్దున్నే చెరువు గట్టు మీద నిలబడి, వెనక చెరువుకి గాలి పట్టించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతుంటే, పసిపిల్లల పోషణ మీద వీడియో తీసి పెట్టేవాడు. ముదినేపల్లి నుంచి కూడా తల్లులు చేరారు. ఎవరైనా తమ పాప సన్నబడిందని రాస్తే, "చురుకుదనానికి అది గుర్తు" అని జవాబిచ్చేవాడు. గుడివాడలో ఒక క్లబ్బువాళ్ళు శిశు ఆరోగ్య దినం జరుపుతూ అతన్ని వక్తగా పిలిచారు. ఫ్లెక్సీలో పేరు ముందు డాక్టర్ అని వేశారు. అతను తీయమని చెప్పలేదు.

సభకి ముందురోజు మెహజబీన్ వచ్చింది. బందరు అమ్మాయి, పోషకాహారం మీద పరిశోధన చేస్తోంది. తీరగ్రామాల్లో తల్లులు పిల్లలకి పాలతో పాటు ఏ తిండి, ఎలా మొదలుపెడుతున్నారో ఇల్లిల్లూ తిరిగి చూస్తోంది. పరిశోధన అన్న మాట వినగానే అంకమ్మరావు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ వేశాడు. తనని ఇంటర్వ్యూ చేయడానికే వచ్చిందనుకున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. ఆమె ఓపిగ్గా విని, సంచిలోంచి తూకం మిషన్ తీసింది.

"ఒకసారి పాపని చూడొచ్చా సార్?"

"పాపతో పనేముంది మేడమ్? సిద్ధాంతం మొత్తం చెప్పాను కదా."

రాజకుమారి అప్పటికే పిల్లని ఎత్తుకొచ్చింది. మెహజబీన్ బరువు చూసి, పాత బరువు అడిగి, మళ్ళీ తూచింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"అక్కా, పాప పెరగలేదు. పైగా తగ్గింది."

"మీ మిషన్‌లో తేడా ఉంది" అని అంకమ్మరావు మేత తూచే కాటా తెచ్చి, దాని మీద దుప్పటి పరిచాడు. అదీ అదే మాట చెప్పింది. అతను గొంతు సవరించుకున్నాడు.

"పళ్ళు వచ్చే టైమండీ. మా రొయ్యల్లో కూడా పెంకు విడిచేటప్పుడు తూకం ఆగుతుంది."

"మా పిల్ల రొయ్యాండీ?" అంది రాజకుమారి.

గొంతు పెంచలేదు. అయినా సుబ్బాయమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది.

మెహజబీన్ నెమ్మదిగా చెప్పింది. ఈ జావలో ఉన్నది చాలావరకు నీళ్ళే. చిన్న పొట్ట నీళ్ళతో నిండిపోతే పిల్లకి బలం ఎక్కడినుంచి వస్తుంది? చెంచా వంచినా జారనంత గట్టిగా ఉండాలి. చెంచాడు నెయ్యో నూనో పడాలి. పప్పు, ఉడికించిన గుడ్డు, ముల్లు తీసిన చేప, అన్నీ మెత్తగా మెదిపి పెట్టొచ్చు. పాలు అడిగినప్పుడల్లా ఇవ్వాలి.

"పిల్లలు కొత్త రుచిని ఉమ్మేస్తారు సార్. అక్కర్లేదని కాదు. మళ్ళీ మళ్ళీ పెట్టాలి. గిన్నెకేసి కాదు, పాప మొహంకేసి చూస్తూ పెట్టాలి."

"నేను చెప్పలేదా!" అంది సుబ్బాయమ్మ గెలిచినట్టు.

"టీ బిస్కెట్లు ఎవరు పెడుతున్నారు? పాప గౌను మీద టీ మరకలున్నాయి" అంది మెహజబీన్. "టీ అసలొద్దు అమ్మమ్మా. ఒంట్లోకి ఇనుము ఎక్కనివ్వదు."

సుబ్బాయమ్మకి వంటింట్లో ఏదో పని గుర్తొచ్చింది. పాపని రేపే డాక్టరుకి చూపించమని చెప్పి మెహజబీన్ వెళ్ళిపోయింది.

"రేపు గుడివాడలో సభ ఉంది కదా" అన్నాడు అంకమ్మరావు. "ఎల్లుండి వెళ్దాం."

రాజకుమారి అతనికేసి చూసింది. పిల్లని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు సభలో శాలువా కప్పించుకుని, బాగా మాట్లాడాడు. అతనికే ఆశ్చర్యం వేసింది, నిన్నటి సంగతి తెలిసి కూడా నోరు అంత హాయిగా పనిచేస్తుంటే. చివర్లో ఒక తల్లి లేచింది.

"మీ పాప ఎలా ఉందండీ ఈ జావతో?"

అంకమ్మరావు శాలువా సర్దుకున్నాడు. హాలు ఎదురుచూస్తోంది. వెనక ఫ్లెక్సీలో అతని ఫోటో నవ్వుతోంది.

"చాలా బాగుందండీ" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. భోజనంలో బిరియానీ పెట్టారు. ముద్ద గొంతు దిగలేదని చెబితే బాగుంటుంది గానీ, దిగింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. చేయి కడుక్కుంటుండగా అత్తగారి ఫోన్ వచ్చింది. పాపకి పొద్దున్నుంచి విరేచనాలు. బందరు ఆసుపత్రిలో చేర్చారు.

అతను వెళ్ళేసరికి పిల్ల చేతికి సెలైన్ పెట్టి ఉంది. పడుకున్న పిల్లని అలా చూస్తే, తను ఇన్నాళ్ళూ గిన్నెనే చూశాడన్న సంగతి మొదటిసారి తెలిసింది. మెడ సన్నబడింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఎప్పుడు అయ్యాయి? రోజూ ఎత్తుకున్నాడే.

ఆరో నెలలో పాపని చూసిన డాక్టరమ్మే వచ్చింది. "ఒంట్లో బలం లేక ఇంత నీరసపడింది. తిండి ఎవరు చూస్తున్నారమ్మా?"

"వాళ్ళ నాన్నగారు కల్చర్ చేస్తున్నారండీ" అంది రాజకుమారి.

డాక్టరమ్మకి ఆ మాట అర్థం కాలేదు. అంకమ్మరావుకి అయింది. శాలువా ఇంకా భుజం మీదే ఉందని గమనించి, మడిచి మంచం కింద పెట్టాడు. వరండాలోకి వెళ్ళి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. స్టడీ అనీ, సైన్సనీ అనకుండా, మామూలు మనిషి ఏడ్చినట్టే ఏడ్చాడు.

పిల్ల తేరుకుంది. అన్నం, పప్పు, నెయ్యి, గుడ్డు, ముల్లు తీసిన చేప. పెట్టినవాటిలో కొన్ని ఉమ్మింది, కొన్ని మింగింది. మళ్ళీ పెట్టారు. బుగ్గలు వచ్చాయి.

"గ్రూపులో నిజం చెప్పండి" అంది రాజకుమారి ఇంటికొచ్చాక.

అంకమ్మరావు ఒక పూటంతా కూర్చుని రాశాడు. వాతావరణ మార్పులు, గింజల నాణ్యత, వ్యక్తిగత శరీరతత్వం అంటూ చాలా దూరం వెళ్ళింది. తప్పు అన్న మాట మాత్రం ఎక్కడా తగల్లేదు. రాజకుమారి చదివి, ఫోన్ లాక్కుని, వాయిస్ మెసేజ్ పెట్టింది.

"నేను అంకమ్మరావు గారి భార్యనండీ. ఆ జావతో మా పాప బరువు తగ్గిపోయింది, ఆసుపత్రిలో ఉండి వచ్చాం. మీరు ఆపేయండి. పిల్లల్ని తీసుకెళ్ళి తూకం చూపించండి. డాక్టర్ని అడగండి, ఈయన్ని అడక్కండి."

చాలామంది గ్రూపులోంచి వెళ్ళిపోయారు. కొందరు తిట్టి వెళ్ళిపోయారు. తమ పిల్లల బరువు చూపించుకున్నవాళ్ళలో ఒకరిద్దరు ఇంటికే వచ్చి తిట్టారు. అంకమ్మరావు తల వంచుకుని విన్నాడు. పెళ్ళయ్యాక అతను జవాబు చెప్పకుండా ఏదైనా విన్నది అదే మొదలని రాజకుమారి గమనించింది.

అది ఎన్నాళ్ళో నిలవలేదులెండి. ఇప్పుడు చెరువుల మీద మళ్ళీ కళ్ళజోడు పైకి తోసి మాట్లాడుతున్నాడు. రొయ్యల గురించే. కానీ టీ కొట్టు దగ్గర ఎవరైనా పిల్లల తిండి మాటెత్తితే ఉండబట్టలేడు. "ఆ సబ్జెక్టులో బందరు అమ్మాయి ఒకావిడ మా ఇంటి మీదే పరిశోధన చేసిందండీ" అంటాడు. ఏం తేలిందని అడిగితే మాత్రం టీ తొందరగా తాగేసి బండెక్కుతాడు.