మస్సాన్ అక్క పేరు పెట్టిన కుర్చీల బట్ట

లోమే పట్నం పెద్ద బజారులో బట్టలకు పేర్లు పెట్టేది మస్సాన్ అక్క. రంగు ఎంత బాగున్నా, నేత ఎంత గట్టిగా ఉన్నా, మా ఆడవాళ్ళు పేరు లేని బట్ట కొనరు. ముందు "దీని పేరేంటి?" అంటారు. జవాబు నచ్చితేనే చెయ్యి సంచిలోకి పోతుంది. ఆమె పక్క కొట్టులో ఇరవై రెండేళ్ళు కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, అలాంటి నోరు మళ్ళీ పుట్టదు.

ఒకసారి హాలండ్ నుంచి కోడిగుడ్ల బొమ్మల బట్ట వచ్చింది. నాలుగు నెలలు ఎవరూ ముట్టలేదు. అక్క దాన్ని ఒంటికి చుట్టుకుని రెండు రోజులు ఊరికే కూర్చుంది. మూడో రోజు "అత్తా, నీ కొడుకునే అడుగు" అని పేరు పెట్టింది. పిల్లలు పుట్టలేదని సాధింపులు పడే కోడళ్ళందరూ ఎగబడ్డారు. నోరెత్తి అనలేని మాటను నడుముకు చుట్టుకుని అత్తగారి ముందు తిరగొచ్చు కదా! ఆ వారమే ఒక పెద్దమనిషి వచ్చి బతిమాలాడు.

"తల్లీ, మా ఆవిడకి మాత్రం అది అమ్మకు."

"ఏం బాబాయ్, మీ అమ్మ ఇంకా ఉందా?"

"ఉంది. అదే కదా నా చావు!"

"అయితే ఆలస్యంగా వచ్చావ్. మీ ఆవిడ పొద్దున్నే పట్టుకెళ్ళింది. ఒకటి కాదు, రెండు."

పేరు పెట్టినవాళ్ళదే ఆ నమూనా. దానికి కాగితమూ ముద్రా లేవు, ఆ మాటే కట్టుబాటు. కొత్త బట్ట కట్టుకుని శుక్రవారం బజారు మూడు చుట్లు తిరగాలి. మొదటి రెండు చుట్లలో ఎవరు ఎంత అడిగినా పెదవి విప్పకూడదు. మూడో చుట్టులో పేరు చెప్పాలి. ఆ తర్వాత అదే నమూనాను ఇంకో ఆడది తెప్పిస్తే, ఆమెకు బజారులో మంచినీళ్ళు కూడా పుట్టేవి కావు. బట్ట పంపే హాలండ్ కంపెనీవాళ్ళు సైతం ఆ నమూనా అక్కకొక్కదానికే పంపేవారు.

తర్వాత చైనా నకళ్ళు వచ్చాయి. మొదట్లో తెగ నవ్వుకున్నాం. ఉతికితే రంగంతా బకెట్లోనే ఉండేది. రెండేళ్ళలో వాళ్ళ రంగు నిలబడింది, మా నవ్వు నిలబడలేదు. అసలు ధరలో నాలుగో వంతుకు అదే పువ్వు, అదే పిట్ట దొరుకుతుంటే ఎవరు మాత్రం ఆగుతారు? మా వరసలో ఏడు కొట్లు మూతపడ్డాయి. చివరికి అక్కకూ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఊరంతా కొత్త బట్ట కట్టే గ్లిజి పండగకు సరుకు కదలకపోతే ఇక ఆమెకు బట్ట పంపరట. బట్ట రాకపోతే కొట్టు ఉండదు. ఆ కొట్టు ఆమె తల్లి చేతి నుంచి వచ్చింది.

అక్క తన పట్టుదలంతా ఒక్క నమూనా మీద పెట్టింది. తనే చెప్పి గీయించుకుంది. పసుపు నేల మీద నీలం కుర్చీల వరసలు, ప్రతి వరసలో ఒకటి బోర్లా పడి ఉంటుంది. పేరు "నువ్వు లేకపోయినా కూర్చుంటాను". ఆమె భర్త కోటోనూలో ఇంకో సంసారం పెట్టుకుని అప్పటికి పదకొండేళ్ళు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో మేమెవరం అడగలేదు.

ముందు ఆరు గజాల ముక్క ఒక్కటే చేతికొచ్చింది. మిగతా సరుకు ఓడలో రావడానికి ఇంకా ఐదు వారాలు పడుతుంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇప్పుడే తిరగకు," అన్నాను. "సరుకు దిగనీ. ఈ రోజుల్లో ప్రతి చేతిలోనూ ఫోనుంది, ఫోటో చైనా చేరడానికి క్షణం పట్టదు."

"ఆడవాళ్ళ సంఘాలు పండగకి అందరూ ఒకేలా కట్టే బట్ట ఈ నెలలోనే తేల్చుకుంటాయే, ఎన్యోనామ్. పేరు వినకుండా ఎట్లా తేలుస్తారు?"

"ఇంట్లోకి పిలిచి ఒక్కొక్కరికే చూపించు."

"దొంగసరుకు చూపించినట్టా? మా అమ్మ అట్లా అమ్మలేదు, నేనూ అమ్మను."

మొండిది. శుక్రవారం తిరిగింది. నీలం కుర్చీలు కట్టుకుని, మెడ నిలబెట్టి, అరవై రెండేళ్ళ మనిషి రాణిలా నడిచింది. మూడో చుట్టులో పేరు చెప్పగానే చప్పట్లు, ఈలలు. నాలుగు సంఘాలు అక్కడికక్కడే మాటిచ్చాయి. ఫోటోలు ఎంతమంది తీశారో నేను లెక్కపెట్టలేదు. నాకూ ఆనందంతో కళ్ళు నిండాయి మరి.

పద్దెనిమిదో రోజున కుర్చీల బట్ట విమానంలో వచ్చి బజారులోకి దిగింది, అబ్లావి కొట్టులో. అబ్లావి మా అక్క దగ్గరే మడతపెట్టడం నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు ఏడాదికి మూడుసార్లు చైనాలో గ్వాంగ్‌జౌ వెళ్ళొస్తుంది. బట్ట అంచు మీద పేరు కూడా అచ్చేయించింది, "నువ్వు లేకపోయినా కూర్చుంటాను" అని. నేను పరుగున పోయి దులిపేశాను.

"సిగ్గు లేదుటే? ఆమె పెట్టిన అన్నం తిన్నావు!"

అబ్లావి తల దించుకోలేదు. "తిన్నాను పిన్నీ. నేను తేకపోతే ఆ ఫోటో చూసి ఇంకొకడు తెచ్చేవాడు. గంపలు మోసే ఆడవాళ్ళు పండగకి కొత్త బట్ట కడుతున్నారంటే నావల్లే. పెద్దమ్మ బట్ట వాళ్ళెప్పుడైనా కట్టారా?"

ఆ మాట నిజమే. అందుకే ఆ పిల్ల మీద ఇంకా మండుతుంది.

ఓడ వచ్చేసరికి నాలుగు సంఘాలూ అబ్లావి దగ్గరే కొనేసుకున్నాయి. అక్క సరుకు గోడంత ఎత్తున పేరుకుంది. ఒక పిల్ల వచ్చి బట్టను వేళ్ళతో నలిపి చూసి, "మీది ఆలస్యంగా వచ్చింది కదా అమ్మమ్మా, ఇది నకలు," అంది. ఆ పూట అక్క తెచ్చుకున్న అకుమే, అదే మొక్కజొన్న ముద్ద, అలాగే గట్టిపడిపోయింది, వేలు పెట్టలేదు.

పండగ వెళ్ళిన రెండు నెలలకు కొట్టు ఖాళీ చేసింది. అబ్లావే తీసుకుంది. వెళ్ళేముందు అక్క నాతో చెప్పిపోదామని వచ్చి నా బల్ల ముందు కూర్చుంది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఇంతలో ఒకామె వచ్చింది.

"కుర్చీల బట్ట ఉందా?"

"లేదు," అన్నాను, అక్క వైపు చూడకుండా.

అబద్ధం. బల్ల కింద పన్నెండు ముక్కలున్నాయి. వారం క్రితమే అబ్లావి దగ్గర తెచ్చాను. నాకూ ఇల్లుంది, కడుపుంది. ఆ క్షణాన నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

అక్క వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి, పసుపు అంచు కనబడుతున్న ఆ మూట బయటికి లాగింది. ఒక ముక్క విప్పి, అరచేత్తో ముడతలు సాపు చేసింది.

"ఇట్లా మడత పెడితే ఎవరు చూస్తారే?" అంది. "పడిపోయిన కుర్చీ పైకి రావాలి. అదే కదా అమ్మేది."

పన్నెండు ముక్కలూ ఒక్కొక్కటే విప్పి, తిరిగి మడతపెట్టి, బల్ల మీద వరసగా పేర్చింది. వచ్చినామెకు పేరూ తనే చెప్పింది. అక్క వెళ్ళేలోపు మూడు ముక్కలు అమ్ముడుపోయాయి.