మోహరింపుకు అర్థం చెప్పిన రోజు

బ్రహ్మోత్సవాలు వస్తే చాలు, తిరుపతిలో భారీగా పోలీసుల మోహరింపు అని పత్రికలో ఒక శీర్షిక తప్పకుండా ఉంటుంది. జనాన్ని వరుసలో నిలబెట్టడానికి వచ్చిన పోలీసులకు అంత మాట ఎందుకని తోటి ఉపాధ్యాయులు నన్ను అడుగుతారు. తెలుగు పండితుణ్ణి కదా, నేను చెప్పాలి. నేను మాత్రం పత్రిక మడిచి పక్కన పెడతాను. ఆ మాటకు ఒకసారి అర్థం చెప్పి సిగ్గుపడ్డవాణ్ణి.

పాకాల హైస్కూల్లో చేరిన కొత్తలో నాకు ఇరవై ఆరేళ్లు. పొగరు అంతకు రెండింతలు. రైల్వే స్టేషన్‌కు ఎదురుగా ఉన్న చిన్న గ్రంథాలయం గోడకు ఒక నల్లబల్ల ఉండేది. పొద్దున రేడియోలో విన్న వార్తలను దాని మీద సుద్దముక్కతో రాసే పని నేనే నెత్తికెత్తుకున్నాను. నన్నెవరూ అడగలేదు. రైలు దిగినవాళ్లు ఆగి చదివి, "ఎవురబ్బా రాసింది, అచ్చు గుద్దినట్టుండాది" అంటే వినాలని నా ఆశ.

డెబ్బై ఒకటి చివర్లో, యుద్ధం వస్తుందా రాదా అని ఊరంతా రేడియోకు చెవులప్పగించిన రోజులవి. ఒక పొద్దున మన సైన్యం సరిహద్దుకు చేరిందని వార్త వచ్చింది. చేరింది అని రాస్తే సరిపోయేది. నాకది చప్పగా తోచింది. 'సరిహద్దున మన సేనల మోహరింపు' అని పెద్ద అక్షరాలతో రాసి, చేతులు దులుపుకుని అరుగు మీద కూర్చున్నాను.

నలుగురైదుగురు చేరారు. స్టేషన్‌లో ఉడికించిన చెనక్కాయలు అమ్మే ఆమె కూడా నెత్తిన గంపతో ఆగింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పటాలంలో చేరి ఏడాదయింది. అతని ఉత్తరాలు ఆమెకు చదివిపెట్టేది నేనే. రెండు నెలలుగా ఉత్తరం రాలేదన్న సంగతీ నాకు తెలుసు.

"అయివోరా, పటాలం గురించే గదా రాసినారు? ఆ మాటంటే ఏంది?" అని అడిగింది.

సైన్యం వెళ్లి నిలబడింది, యుద్ధం ఇంకా మొదలు కాలేదు అంటే ఆమె తన దారిన వెళ్లేది. కానీ నా చుట్టూ వినేవాళ్లున్నారు. మోహరం అంటే బారులు తీరిన సేన అన్నాను. దారిన నడిచిపోతున్న సేనకు ఆ మాట వాడకూడదన్నాను. శత్రువుకు ఎదురుగా ఎవరి చోట వాళ్లు కుదురుకుని నిలిస్తేనే మోహరించింది అనాలన్నాను. రాగం తీసి ఒక పద్యం కూడా పాడాను. అంతటితో ఆగలేదు. ఆమె గంప దింపించి, గుప్పెడు కాయలు తీసి అరుగు మీద మూడు వరుసలుగా పేర్చాను.

"సూడమ్మా, మోహరింపు అంటే ఇదీ."

ఆమె వంగి చాలాసేపు చూసింది. "ఈట్లో మావోడు యాడుంటాడు అయివోరా?"

నాకేం తెలుసు? తెలీదు అన్న మాట ఆ వయసులో నా నోట పలికేది కాదు. ముందు వరుసలో మొదటి కాయ మీద వేలు పెట్టాను. "ఇదిగో, ఈడ. కొత్తగా చేరినోళ్లను ముందర నిలబెడతారు."

ఎదుటి సైన్యం ఎంత ఉంటుందని ఇంతలో ఒకాయన అడిగాడు. అతనివైపు తిరిగి ఏదో గొప్పగా చెబుతూ, ఆ మొదటి కాయనే తీసి, ఒలిచి నోట్లో వేసుకున్నాను. చేతి అలవాటు, అంతే. "అయివోరు పటాలాన్నే తినేసినాడప్పా!" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

ఆమె నవ్వలేదు. మిగిలిన కాయలను ఒక్కొక్కటిగా ఏరి కొంగున ముడి వేసుకుంది. రైలు వచ్చే వేళ అయినా స్టేషన్ వైపు కాకుండా ఇంటివైపు వెళ్లిపోయింది. పిలిచి, నేను చెప్పింది ఉత్తుత్తి మాట అనాల్సింది. నలుగురిలో అనలేకపోయాను.

తర్వాత యుద్ధం వచ్చింది, రెండు వారాల్లో ముగిసింది. ఆమెకు ఉత్తరం మాత్రం రాలేదు. ఒంటిపూట తింటోందని విన్నాను. ఆమె ఇల్లు మా వీధి చివరే. ఒక్కసారి వెళ్లి, నాకేమీ తెలీదమ్మా అని చెబితే ఆ తల్లి రెండో పూట అన్నం తినేదేమో. సుద్దపొడికి జలుబు చేస్తోందని సాకు చెప్పి నేను బల్ల మీద రాయడం మానేశాను. ఆమె కంట పడకుండా స్టేషన్ వెనకనుంచి తిరిగి బడికి వెళ్లేవాణ్ణి. ఇంత పిరికితనం నాలో ఉందని అంతవరకు నాకు తెలీదు.

మామిడికాయల కాలంలో కొడుకు సెలవు మీద వచ్చాడు. యుద్ధమంతా సరిహద్దుకు ఎక్కడో దూరంగా, వంటశాలలో పెద్ద పెద్ద గుండిగల దగ్గర గడిపాడట. రాసిన ఉత్తరాలు ఎక్కడ ఆగిపోయాయో అతనికీ తెలీదు. తల్లీకొడుకులు కొండకు బయలుదేరుతూ మా ఇంటికి వచ్చారు. ఆమె చిక్కి సగమయింది. చేతిలో దేవుడికి ముడుపు కట్టిన పసుపుగుడ్డ మూట.

"మీరు సెప్పబట్టే గదా అయివోరా, వీడు ముందు వరసలో ఉండాడని తెలిసి దేవుడికి మొక్కుకున్నాను. ఆ సామే వీణ్ణి ఎనక్కి, వంటకాడికి పంపినాడు" అంటూ మూట విప్పింది. లోపల ఎండి ముడతలు పడ్డ చెనక్కాయలు.

"ఆ పొద్దు మీరు తినేసిన దానికి బదులు ఇంకోటి నేనే పెట్టినాను. వరసలో వీడి సోటు కాళీగా ఉండకూడదని. అట్ల పెట్టడం తప్పేమో, మిమ్మల్ని అడిగి కొండెక్కదామని వచ్చినాను."

"తప్పు లేదమ్మా" అన్నాను, పాఠం చెప్పే గొంతుతోనే.

ఆమె ముఖం తేటపడింది. మూట కట్టుకుని, అయివోరికి దండం పెట్టరా అని కొడుకుతో చెప్పింది. అతను వంగి నా కాళ్లు తాకాడు. నేను కాళ్లు వెనక్కి తీసుకోలేదు.