నంది ముందరి నల్లరేగడి

మా తమ్ముడు పోయినాడని నంద్యాల నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఆళ్లగడ్డలో దీపం పెడుతున్నాను. వత్తి వెలిగించి, అప్పుడు కూర్చున్నాను. గుండె ఆగిందట. ఆ గుండె ఒక్కరోజన్నా నిదానంగా కొట్టుకుందని నేననుకోను.

తొందర మనిషి. నంద్యాలలో మొక్కల నర్సరీ పెట్టుకున్నాడు. పోయినేడు వాళ్ల కాలనీవాళ్లు పార్కులో మన సీమను చూపించే పూలమడి వేయమని అడిగితే, ఆ పొద్దే బస్సెక్కి మా ఇంటికొచ్చినాడు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టినాడు.

"అక్కా, ఎనక నల్లమల, అంతా పచ్చ క్రోటన్లే! ముందర కుందూ పారతాంటాది, నీలం పూలతో. నడుమ నంది. తెల్ల బిళ్ళగన్నేరు. మెడలో బంతిపూల దండ. గట్టుకు మన ఆళ్లగడ్డ రాయి!"

"ముందు నీళ్లు తాగు" అన్నాను.

గ్లాసులో వేలు ముంచి నా వంటింటి బండ మీదే నందిని గీసినాడు. అది ఆరేలోగా ఇంకొకటి గీసినాడు.

మడి పూసింది. మీలో ఎవరైనా ఆ దారిన పోయుంటే చూసే ఉంటారు. నేను చూడబోయిన పొద్దున, పార్కు పక్కింటి అవ్వ నంది మెడలోని దండ తెంపుకుంటోంది, పూజకు.

"అవ్వా, నీకోసరం ఆడ ఒక సాలు బంతి నాటినా గదా! దేవుని మెడలోదే కావాల్నా?" అన్నాడు తమ్ముడు.

"అవి చిన్నవప్పా." తల ఎత్తి నందిని చూసింది, దాని ఎదురుగా ఉన్న రోడ్డును చూసింది. "అది సరేగానీ, శివుడు యాడ?"

మడి వేసేటప్పుడు వాడు వచ్చేపోయేవాళ్లకు ముఖం కనబడాలని నందిని రోడ్డు వైపు తిప్పినాడు. శివుని మాటే మరిచినాడు. సాయంత్రానికి కాలనీ అంతా తెలిసిపోయింది. శివుడు లేని నంది మంచిది కాదు, పీకేయమన్నారు.

"నువ్వు మొక్కుకోక్కా" అన్నాడు. మొక్కుకున్నాను.

తెల్లారేసరికి వాడు మడిలో మోకాళ్ల మీద ఉన్నాడు. నంది ముందరి పూలన్నీ తానే పీకి, గుండ్రంగా నేలను బయటపెట్టినాడు. ఒళ్లంతా మన్ను, ముఖమంతా నవ్వు.

"నల్లరేగడక్కా! జొన్న, శనగ, వరి, మనం తిన్న బువ్వంతా దీంట్లోదే గదా. శివుడు ఇంకా యాడుంటాడు?"

అవ్వ వచ్చింది. వంగి ఆ మన్ను ముట్టుకొని చూసింది.

"నీళ్లు పొయ్యప్పా, ఎండతాండాడు."

ఆ తర్వాత ఎవరూ పీకమనలేదు.

పూజగది గడప తొక్కని మా వాడు ఆనాటి నుంచి ప్రతి పొద్దూ ఆ మన్ను మీద ఒక చెంబు నీళ్లు పోసేవాడు. "నీది దీపం, నాది తడి. చూసేవాడు ఒకడేలే" అనేవాడు.

పెద్దకర్మ అయిన మరునాడు పార్కుకు పోయినాను. నీళ్లు లేక ఆ నేల నెర్రెలిచ్చి ఉంటుందనుకున్నాను. నల్లగా, తడిగా మెరుస్తోంది. గట్టు మీద అవ్వ చెంబు బోర్లించి ఉంది. నంది మెడలో దండకు ఒకచోట సందు పడింది. అక్కడి బంతిపువ్వు తడి మన్ను నడుమ ఉంది.