సుద్ద గీత పెట్టిన కాలరు

కుట్టు నేర్పే టీచరమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ అమ్మాయిల మీద మాత్రం కాదు. ఎవరి కాలరైనా వంకరపోతే తిట్టదు, తానే సరిచేసి ఇవ్వదు. తప్పు మొదలైన చోట సుద్దతో చిన్న గీత గీసి, "ఇక్కణ్ణుంచి విప్పి కుట్టు తల్లీ" అంటుంది. ప్రిన్సిపాలుగారి దృష్టిలో అదంతా గుడ్డ దండగ.

"పుట్టుకతో రావాలమ్మా చెయ్యి! విప్పుతూ కూర్చుంటే వస్తుందా?" ఇదీ ఆయన నిత్య పారాయణం. మూల మిషను దగ్గర కూర్చునే పిల్లకు వంకరమ్మ అని పేరు పెట్టిందీ ఆ మహానుభావుడే. ఆయనకు అంతకన్నా పనేముంది! మొదట్లో ఆ పిల్ల సుద్ద గీత చూస్తే ఏడ్చేది. పోనుపోను పెదవి బిగించి కుట్లు విప్పడం అలవాటు చేసుకుంది. ఈ పరీక్ష గట్టెక్కితేనే రెండో ఏడు చదువు, లేకపోతే ఇంటిదారే.

పరీక్ష రోజు పిల్లల కుట్టు చూసి మార్కులెయ్యడానికి బయటినుంచి ఒకావిడ వచ్చింది. కుట్టిన చొక్కాలను నంబరు చీటీలతో బల్ల మీద పరిచారు. వంకరమ్మ నంబరున్న చొక్కాను టీచరమ్మ తిప్పి చూసింది. అది ఆ పిల్ల కుట్టు కానే కాదు, ముందు మిషను దగ్గర కూర్చుని అందరికన్నా బాగా కుట్టే అమ్మాయిది.

"ఇదేంటి సార్?"

పక్కనే ఉన్న ప్రిన్సిపాలు గొంతు తగ్గించాడు. "ఒక్కరు తప్పినా మనకే చెడ్డపేరు. అందుకే ఆ అమ్మాయి చేత ఇంకోటి కుట్టించి చీటీ మార్పించాను, దీనిది ముక్కల బుట్టలో వేయించాను. ఈ పిల్లకు మేలే కదా, గొడవ చెయ్యకు."

మేలట మేలు! టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది. వేళ్ళకు సూదులు గుచ్చుకుంటున్నా విప్పి విప్పి కుట్టిన ఆ పిల్ల కష్టాన్ని ముక్కల బుట్టలో పడేసి, పైగా మేలంటాడా ఈ పెద్దమనిషి? నోరు విప్పితే పిల్ల చదువు పోతుందేమోనని ఒక్క క్షణం తటపటాయించింది. తరవాత పిల్లనే పిలిచింది.

"ఇది నీ చొక్కాయేనా? ఉన్నదున్నట్టు చెప్పు. నీ ఇష్టం."

పిల్ల చొక్కా చూసి తల అడ్డంగా ఊపింది. గబగబా అటూ ఇటూ వెతికి, బల్ల కింద ముక్కల బుట్టలోంచి తన చొక్కా లాగింది. "ఇది నాదండీ."

పరీక్ష చేసే ఆవిడ దాన్ని సాపుచేసి చూసి పెదవి విరిచింది. "ఎడమ కొన పైకి లేస్తోంది. ఇలాగైతే పాస్ చెయ్యలేను."

"ఎక్కడ తప్పిందో గీత పెట్టండమ్మా, ఇంకా బెల్లు కొట్టలేదుగా. విప్పి కుడతాను."

ఆవిడ ఆశ్చర్యంగా చూసి చెయ్యి చాపింది. టీచరమ్మ సుద్దముక్క అందిస్తే, కాలరు మీద గీత పెట్టింది. ఆ గదిలో ఇక ఒక్క మిషను చప్పుడే వినపడింది. బెల్లు కొట్టేసరికి కాలరు రెండు కొనలూ బుద్ధిగా అణిగి కూర్చున్నాయి. ఆవిడ పాస్ చేసింది.

ప్రిన్సిపాలు చప్పట్లు కొట్టాడు. "శభాష్ వంకరమ్మా! నీ చేతిలో ఏదో ఉందని నేను ముందునుంచీ అనుకుంటూనే ఉన్నా!"

టీచరమ్మ సుద్దముక్క తీసుకుని, ఆయన ముందున్న బల్ల మీద కసిగా ఒక గీత గీసింది.

"తప్పు ఆ పేరు దగ్గరే మొదలైంది సార్. అక్కణ్ణుంచి విప్పుకుంటూ రండి."