కర్ర గెలిచిందా, కరాటే గెలిచిందా

కర్రసాము పీర్ల పండుగలో ఆడి చూపించడానికే తప్ప కొట్లాటకు పనికిరాదని నలభై ఏళ్ల నుంచి వింటున్నాను. కరెంటు ప్లాంటులో బొగ్గు దించిన రోజుల్లో తోటివాళ్లూ ఇదే అనేవాళ్లు. ఈ రోజు మా చిక్కసూగూరు కరాటే మాస్టరు నా వాకిట్లోనే నిలబడి అన్నాడు.

“కాకా, నువ్వు కర్ర తిప్పితే సూడనీకి మస్తుగుంటది. నిజం కొట్లాటల ఏం జేస్తవ్?”

“పతకాలు దెచ్చే నీ కరాటే ఏం జేస్తదో ముందు సూపియ్ రా!” అన్నాను.

పందెం వేశాం. నేను గెలిస్తే ఆదివారం అతని క్లాసులో పిల్లలకు కర్రసాము నేర్పుతాను. ఓడితే ఇక కర్రసాము మాట ఎత్తను.

నేను మన్ను తాకి, నాకు కర్ర నేర్పిన ఉస్తాదును తలుచుకుని సలాం చేశాను. అతనూ వంగి దండం పెట్టాడు. తర్వాత ఇద్దరం కదల్లేదు. మొదటి దెబ్బ మనది కాకూడదని మా ఉస్తాదు నేర్పాడు. మాస్టరేమో ఎవరైనా విజిల్ వేస్తారని చూస్తున్నాడు. ఇంతలో ఎండబోసిన జొన్నల మీద మేక పడింది. మా ఇంటామె పరుగున వచ్చి, నా చేతిలో కర్ర లాక్కుని ఒక్కటి వేసింది. మేక గోడ దూకి పారిపోయింది.

“మీ దండాలు అయ్యేలోపల మేక సగం జొన్నలు మేసె! పోండి ఈడికెల్లి, ఇద్దరూ!”

దెబ్బ మా ఇంటామెది కాబట్టి లెక్కలోకి రాదని మాస్టరు వాదన. కర్ర నాది కాబట్టి గెలుపు నాదని నేనంటాను. ఇది చదివిన మీరే తీర్పు రాయండి. మా ఇంటామే గెలిచిందని మాత్రం రాయకండి, అతను క్లాసుకు ఆమెను పిలుస్తాడు. ఆదివారమే క్లాసు, మా ఇద్దరిలో ఎవరు గెలిచారో శనివారం సాయంత్రంలోగా తేల్చి చెప్పండి.