మామా తిరిగిచ్చిన కంచు అద్దం

పులుసు కోసం ఇవాళ పొద్దున చింతపండు పిసుకుతుంటే ఆ వాసనకి మామా గుర్తొచ్చింది. కువైట్‌లో ఇంటి యజమానురాలిని మేమంతా అలాగే పిలుస్తాం. ముబారక్ అల్ కబీర్‌లో నేను మొదట పనికి కుదిరిన ఇల్లు ఆమెదే. పాతకాలపు కొరియా కంచు సామానంటే ఆమెకు ప్రాణం. గంటలు, గిన్నెలు, పొడుగు కాడల చెంచాలు హాలు నిండా ఉండేవి. పడకగదిలో మాత్రం ఒక్కటే, వెనక ఎగిరే కొంగలు చెక్కిన గుండ్రటి కంచు అద్దం. చనిపోయిన భర్త పెళ్లిరోజుకి కొనిచ్చింది.

వెళ్లిన కొత్తలో ఆ అద్దానికి పట్టిన పచ్చటి చిలుము చూసి నా ప్రాణం ఊరుకోలేదు. మా కోనసీమలో ఇత్తడి బిందె మసకబారితేనే ఇల్లాలికి నామర్దా. చింతపండు, ఉప్పు పట్టుకుని తోమడానికి కూర్చున్నాను. మామా పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"లా, లా! వద్దు! అది మురికి కాదు, దాని వయసు" అంది అరబ్బీ కలిసిన హిందీలో.

తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని ఏ వస్తువు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో చెప్పుకొచ్చింది. అద్దం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. అమ్మినవాడికంటే ముందు అది ఎవరిదో ఆమెకే తెలియదు.

ఆ ముల్లు ఆమెను వదల్లేదు. వర్తకుడికి నెలల తరబడి ఫోన్లు చేసింది. చివరికి అతను విసుగెత్తి నిజం చెప్పేశాడు. ఎవరో పాత సమాధి తవ్వి తీసిన అద్దమట. ఆ వారమంతా మామా సరిగ్గా తినలేదు.

ఒకరోజు అద్దాన్ని భర్త తలగుడ్డలో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని కొరియా రాయబార కార్యాలయానికి బయల్దేరింది. మా డ్రైవర్ మస్తానన్నది రాయచోటి. కారు తీస్తూ నాతో గొణిగాడు.

"ఎవురిదైతే ఏముంది పాపా? ఆయప్ప దుడ్డిచ్చి కొన్న్యాడు గదా. గమ్మునుంటే ఎవురికి తెలుస్తాది?"

"ఆవిడకి తెలిసిపోయింది కదన్నా. ఇంకెవరికి తెలియాలేంటి?" అన్నాను.

అక్కడి అధికారి ఆమె పేరు దాతగా రాస్తానన్నాడు. మామా ఒప్పుకోలేదు.

"నాది కానిదాన్ని నేనెలా దానం చేస్తాను? తిరిగిచ్చింది అని రాయండి."

వచ్చేటప్పుడు మాత్రం కారులో వెక్కివెక్కి ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

"ఇంత బాధైతే ఎందుకిచ్చేశారు మామా?" అని వచ్చీరాని హిందీలో అడిగాను.

"ఏడుపు నాది. అద్దం నాది కాదు" అంది.

మామా ఇప్పుడు లేదు. కన్నతల్లి తర్వాత నేను అంతగా గౌరవించిన మనిషి మరొకరు లేరు. మొన్న మా మరిది ఒక పాత పంచలోహ దీపపు సెమ్మె ఫోటో పంపాడు. ఊళ్లో మేం కడుతున్న ఇంటికి చవగ్గా దొరికిందట. ఎవరింటిదని అడిగాను.

"దీపానికి కూడా గోత్రం అడుగుతారేంటొదినా!" అని నవ్వాడు.

సెమ్మె నిజంగానే బాగుంది, ఆశా పుట్టింది. అయినా వద్దన్నాను. ఏ గుడిని చీకటి చేసి తెచ్చారో తెలియని దీపాన్ని నా ఇంట్లో వెలిగించలేను.